వాకిలి మరిచిన కుక్క

ఇంటి కుక్క ముసలిదై, దాని తీరు మారిందని అనిపించగానే మన పల్లెల్లో రెండు తీర్పుల్లో ఏదో ఒకటి పడిపోతుంది. "వయసైపోయింది, ఇంకేముంది" అనేది మొదటిది. "పిచ్చి పట్టినట్టుంది, జాగ్రత్త" అనేది రెండోది. మొదటి తీర్పు పడితే దాన్ని పట్టించుకోవడం మానేస్తారు. రెండోది పడితే కట్టె పట్టుకుంటారు, లేదంటే ఏ ఆటోలోనో ఎక్కించి ఊరికి దూరంగా దింపి వస్తారు. ఈ రెండు తీర్పులకూ నడుమ మూడో సంగతి ఒకటుంది. ముసలితనంలో కుక్క మెదడు మెల్లమెల్లగా చెడే జబ్బు అది. మతిమరుపు జబ్బు అందాం. ఈ అధ్యాయంలో నా వాదన ఒక్కటే. ఆ జబ్బును ముందుగా పసిగట్టగలిగేది రోజూ ఆ కుక్కకు సంగటి ముద్ద వేసే మనిషే, డాక్టరు వంతు ఆ తర్వాత. పసిగట్టాక చేయాల్సిన పనుల్లో ఎక్కువ భాగం కూడా ఇంట్లో, వాకిట్లో, దొడ్లో చేసుకునేవే. కుక్కల డాక్టరు వీధి చివర దొరకని, అనంతపురం జిల్లాలోని బెళుగుప్ప లాంటి మండలంలో ఈ సంగతి తెలిసి ఉండటం మరీ అవసరం.

ముందు జబ్బు సంగతి చూద్దాం. వయసు మీరే కొద్దీ కుక్క మెదడు కొంత కుంచించుకుపోతుంది. బీటా అమిలాయిడ్ అనే ప్రోటీన్ అందులో పేరుకుంటుంది. మనుషుల్లో ఆల్జైమర్స్ వచ్చినవాళ్ల మెదడులో గడ్డకట్టేదీ ఇదే. కుక్కలో ఈ ప్రోటీన్ నిర్మాణం మనిషిలో ఉన్నట్టే ఉంటుంది కాబట్టి ఆల్జైమర్స్ మీద పనిచేసే శాస్త్రవేత్తలు చాలా కాలంగా ముసలి బీగిల్ కుక్కలను పరిశీలిస్తూ వస్తున్నారు. రెండూ అచ్చంగా ఒకే జబ్బు అనడానికి లేదు. మనిషి నరకణాల లోపల కనిపించే చిక్కుముడులు కుక్కల్లో అంతగా కనిపించవు. కానీ దారి తప్పడం, మనుషులను పోల్చుకోలేకపోవడం, రాత్రి పగలు తారుమారు కావడం రెండుచోట్లా ఒకటే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణ పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల కుక్కల్లో 68 శాతానికి ఇలాంటి లక్షణం కనీసం ఒకటైనా ఉంది. ఈ అంకెలు చూసి "అదే కదా మేమనేది, ముసలితనం అంటేనే అంత" అనేవాళ్లు ఉంటారు. అంకెను రెండోవైపు నుంచి కూడా చదవాలి. పదిహేనేళ్లు దాటిన కుక్కల్లో సైతం పదింట మూడింటికి ఒక్క లక్షణమూ లేదు. వయసే జబ్బయితే ఆ మూడూ ఎలా తప్పించుకున్నాయి? వయసు జబ్బుకు దారి చూపుతుంది, అంతవరకే. నెరిసిన మూతి, నెమ్మదించిన నడక వయసుకు గుర్తులు. తన ఇంట్లో తానే దారి తప్పడం జబ్బుకు గుర్తు.

ఆస్ట్రేలియాలోని సిడ్నీ పరిశోధకులు 2010లో చెప్పిన మరో లెక్క నా వాదనకు ఇంకా దగ్గరిది. ఎనిమిదేళ్లు దాటిన పెంపుడు కుక్కల్లో 14.2 శాతానికి ఈ జబ్బు ఉండవచ్చని వాళ్లు అంచనా వేశారు. అవే కుక్కల్లో డాక్టర్లు అప్పటికే నిర్ధారించినవి 1.9 శాతం మాత్రమే. ఆసుపత్రులు, డాక్టర్లు, డబ్బు అన్నీ ఉన్న దేశంలోనే జబ్బున్న ఏడు కుక్కల్లో ఆరింటి సంగతి ఎవరికీ తెలియలేదు. ఆసుపత్రి బల్ల మీద పది నిమిషాలు నిలబెట్టిన కుక్క తన రాత్రుల గురించి చెప్పదు. ఇంటివాళ్లు వయసు అనుకొని చెప్పరు, వాళ్లు చెప్పనిదాన్ని డాక్టరు అడగడు. ఈ జబ్బును ఖాయంగా తేల్చే రక్త పరీక్ష రోజువారీ వైద్యంలో లేదు. చూసినవాళ్లు చెప్పిందే ఆధారం.

"ఇదంతా పట్నాల్లో మెత్తల మీద పెరిగే కుక్కల గోల, మా ఊరి కుక్కలు అంతకాలం బతకవు" అనే అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. పశ్చిమ బెంగాల్‌లో వీధి కుక్కల మీద జరిగిన అధ్యయనం 2016లో వచ్చింది. అందులో గమనించిన 364 పిల్లల్లో ఏడు నెలల ఈడు దాకా బతికినవి 19 శాతం. చావుల్లో 63 శాతం మనుషుల కారణంగా జరిగినవే. వీధిలో పుట్టిన కుక్కకు ముసలితనం దొరకడమే అరుదన్న మాట నిజం. కానీ బెళుగుప్ప చుట్టుపక్కల కుక్కలన్నీ వీధివి కావు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పశుగణన లెక్కల్లో దాదాపు 1.76 కోట్ల గొర్రెలున్నాయి, తెలంగాణ తర్వాత దేశంలో రెండో స్థానం మనదే. ఆ గొర్రెల్లో పెద్ద భాగం ఈ అనంతపురం మెట్టల్లోనే మేస్తుంది. తోడేలు, దొంగ భయమున్న చోట మంద వెంట కుక్క లేకుండా కాపరి రాత్రి కన్ను మూయడు. మందకు కాపలా ఉన్న కుక్కకు తిండి ఉంటుంది, మనిషి తోడు ఉంటుంది. తోటకాడ, ఇంటికాడ కట్టుకున్న కుక్కకూ అంతే. ఇవి పది, పన్నెండేళ్లు బతుకుతాయి. ముసలితనం చూసేవీ, ఆ ముసలితనంలో మన నిర్లక్ష్యానికి గురయ్యేవీ ఇవే. బతికినన్నాళ్లూ ఒక ఇంటికి పని చేసిన కుక్కల గురించే నేను మాట్లాడుతున్నాను.

ఇక గుర్తించడం. తొలి గుర్తులు చిన్నవి, చూడగానే నవ్వు తెప్పించేవి కూడా. కుక్క బయటికి పోవాలని తలుపు దగ్గరికి వస్తుంది, తెరుచుకునే వైపు వదిలేసి బందులు బిగించిన వైపు ముక్కు ఆనించి నిలబడుతుంది. తలుపు తీసినా అక్కడే ఉంటుంది. ధాన్యం గాదెకూ గోడకూ మధ్య సందులో దూరి, వెనక్కి నడిస్తే బయటపడతానన్న ఊహ తట్టక అలాగే నిలబడి మూలుగుతుంది. ముందు పడేసిన రొట్టె ముక్క వాసన తగులుతున్నా ఎక్కడుందో వెతుక్కోలేదు. గోడకేసి ఊరికే చూస్తూ ఉంటుంది. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పుతుంది, కానీ వచ్చేటప్పుడు ఎవరి దగ్గరికి రావాలో తేల్చుకోలేదు. ఇంటివాళ్లు ఊరి నుంచి రాగానే ఎగిరి మీద పడేది ఇప్పుడు లేవను కూడా లేవదు, లేదా ఇంకా మీద మీద పడి కాళ్లు వదలదు. పగలంతా నిద్ర, చీకటి పడ్డాక వాకిట్లో గుండ్రంగా ఒకటే తిరుగుడు, అర్ధరాత్రి కారణం లేని మొరుగుడు. ఏళ్ల తరబడి దిబ్బ దగ్గరికి పోయి వచ్చేది పడసాలలోనే తడిపేస్తుంది. తెలిసిన మనిషి మీదే ఉలిక్కిపడి గుర్రుమంటుంది. వీటిలో ఏ ఒక్కటీ ఒకనాడు కనిపించినంత మాత్రాన జబ్బు అనుకోవద్దు. పాత అలవాటు నుంచి తప్పుకోవడం, అది వారాలు నెలలుగా పెరుగుతూ రావడం, ఈ రెండూ కలిస్తే అనుమానించాలి.

అందుకే ఇప్పుడెలా ఉందని కాకుండా ఆరు నెలల కిందట ఎలా ఉండేదో తలుచుకుని పోల్చాలి. పరిశోధకులు వాడే ప్రశ్నపత్రాల్లో ఒకటి కేవలం 13 ప్రశ్నలతో నడుస్తుంది, అందులో కొన్ని ప్రశ్నలు సరిగ్గా ఈ ఆరు నెలల తేడానే అడుగుతాయి. ఇంట్లో దీనికి పెద్ద పుస్తకం అక్కర్లేదు. గోడకు వేలాడే క్యాలెండర్‌లోనే ఆ తేదీ గడిలో ఒక ముక్క రాస్తే చాలు. రాత్రి ఎన్నిసార్లు లేచింది, ఎక్కడ ఇరుక్కుంది, ఎక్కడ తడిపింది. నెలకొకసారి సెల్‌ఫోన్‌లో ఒక చిన్న వీడియో, ముఖ్యంగా రాత్రి తిరిగేటప్పటిది, తీసి ఉంచుకోవాలి. ఆసుపత్రికి పోయినప్పుడు కుక్క భయంతో బిగుసుకుపోయి మామూలుగానే కనిపిస్తుంది. ఆ పూట డాక్టరుకు జబ్బును చూపించేది ఆ వీడియో, ఆ క్యాలెండర్ గడులే. మొదటి నెల రాతలు దండగ అనిపిస్తాయి, నాలుగో నెలకు వాటి విలువ తెలుస్తుంది.

పిచ్చి కుక్క అనే భయాన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. రేబిస్ వస్తే కుక్కా బతకదు, అది కరిచి లక్షణాలు బయటపడ్డ మనిషీ బతకడు. కాబట్టి తేడా తెలిసి ఉండాలి. ఆ తేడా ముఖ్యంగా కాలంలో ఉంటుంది. రేబిస్ లక్షణాలు మొదలైన కుక్క రోజురోజుకీ దిగజారి మామూలుగా పది రోజుల లోపే చనిపోతుంది. దవడ వేలాడటం, ఆగని చొల్లు, గొంతు మారిపోవడం, కట్టెను రాయిని కూడా కొరకడం, కాళ్లు పడిపోవడం దాని గుర్తులు. మతిమరుపు జబ్బు నెలల మీద నడుస్తుంది. నిన్న కాస్త, నేడు కాస్త, మళ్లీ రెండు రోజులు బాగానే ఉన్నట్టు. పోయిన ఉగాదికి మొదలైన తిరుగుడు ఈ దసరాకూ అలాగే ఉంటే అది రేబిస్ కాదు. ఆ మార్పు నాలుగు రోజుల కిందటే మొదలై ఉంటే, టీకా ఎప్పుడు వేయించారో గుర్తు లేకపోతే, మతిమరుపు అనే మాటే తలవకూడదు. పిల్లలను దూరంగా ఉంచి, చేయి తగలకుండా ఒకచోట మూసి, పశువుల ఆసుపత్రికి కబురు చేయాలి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రిలో టీకా మొదలుపెట్టాలి. కుక్క బతుకుతుందా చస్తుందా చూసి వేయించుకుందామని ఆగకూడదు. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకా వేస్తారు. టీకా చీటీ ఇంట్లో ఉంటే, ముసలి కుక్క తికమకను చూసి ఊరు కట్టె ఎత్తినప్పుడు అడ్డు చెప్పే ధైర్యం ఇంటివాళ్లకు ఉంటుంది.

రేబిస్ కాదని తేలితే అప్పుడైనా నేరుగా మతిమరుపు దగ్గరికి దూకకూడదు. తప్పుదారి పట్టించే జబ్బులు బోలెడు. కళ్లలో శుక్లాలు వచ్చిన కుక్క గోడకు తగులుకుంటుంది, చెవులు పోయిన కుక్క పిలిస్తే రాదు. కీళ్లు పట్టేసిన కుక్క లేవలేక పడుకున్నచోటే తడుపుతుంది, నడుము మీద చెయ్యి వేస్తే నొప్పికి గుర్రుమంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నా, చక్కెర జబ్బున్నా నీళ్లు ఎక్కువ తాగి ఇంట్లో పోస్తుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మన ప్రాంతంలో మామూలు, అది కుక్కను మందకొడిగా, అన్నీ మరిచినట్టు చేస్తుంది. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది, నొప్పి మందు పడగానే "మతిమరుపు" మాయమైన కుక్కలు తక్కువేం కావు. వేరుశనగ పండే ఊళ్లలో మరొకటి ప్రత్యేకంగా చూసుకోవాలి. వానకు తడిసి బూజు పట్టిన శెనక్కాయలు, పాత చెక్క అమ్మకానికి పనికిరావని కుక్క ముందు పడేస్తుంటారు. ఆ బూజు తయారుచేసే అఫ్లాటాక్సిన్ అనే విషం కుక్క కాలేయాన్ని పాడుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోతే, కారణం వాటికి పెట్టిన వేరుశనగ చెక్క అని అప్పుడే బయటపడింది. కాలేయం చెడితే రక్తంలోని మలినాలు మెదడుకు చేరి కుక్క తూలుతుంది, గోడకు తల ఆనించి నిలబడుతుంది, దారి తప్పుతుంది. చూడటానికి అచ్చం మతిమరుపే. కళ్లు, చిగుళ్లు పచ్చబడ్డాయేమో చూడండి, తిండి మానేసిందేమో చూడండి, బూజు కాయలు వెంటనే ఆపేయండి.

ఇన్నీ దాటుకుని వచ్చాక మిగిలేది మతిమరుపు. దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. ఉన్న మేలంతా కుక్క చుట్టూ ఉన్న లోకాన్ని మార్చకుండా ఉంచడంలో ఉంది. కొత్తది గుర్తుపెట్టుకోలేని కుక్కకు పాతదే ఆసరా. పడక ఎక్కడుందో అక్కడే ఉండాలి, నీళ్ల తొట్టి జరపకూడదు, ముద్ద వేసే వేళ, వేసే గిన్నె, వేసే చోటు మారకూడదు. ఎండాకాలంలో ఇది చెప్పినంత తేలిక కాదు. ట్యాంకరు ఏ పూట వస్తుందో తెలియని ఊళ్లో బిందెలు ఒకరోజు ఇక్కడ, ఒకరోజు అక్కడ ఉంటాయి. కుక్క తొట్టిని మాత్రం నీడలో ఒకేచోట రాయి కింద ఒత్తి పెట్టి, ఇంకొకటి అది రాత్రి తిరిగే దారిలో పెట్టండి. మతి తప్పిన కుక్కకు దాహం వేసినా తొట్టి దాకా పోవాలని తోచకపోవచ్చు కాబట్టి పూటకొకసారి నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాలి. నున్నని బండల మీద కాలు జారి పడ్డ కుక్క ఆ తర్వాత లేవడానికే భయపడుతుంది, అక్కడ పాత గోనె సంచులు పరిస్తే సరిపోతుంది. ఇరుక్కునే సందులను పలకతోనో రాళ్లతోనో మూసేయాలి. రాత్రి చిన్న బల్బు వెలుగుతుంటే తిరుగుడు, మొరుగుడు కొంత తగ్గుతాయి. వాకిట్లోంచి బయటికి పోకుండా కంప అడ్డు పెట్టాలి. జీడిపల్లి జలాశయం ఈ మండలంలోదే, హంద్రీ-నీవా కాలువ ఈ దారినే పోతుంది. సిమెంటు గట్ల కాలువలో పడిన కుక్క ఎంత బలమైనదైనా ఎక్కి రాలేదు, ముసలిదైతే చెప్పనే అక్కర్లేదు. కాలువకు దగ్గరి తోటల్లో ఈ కుక్కను రాత్రుళ్లు విడిచిపెట్టకూడదు. అట్లాగని గొలుసుతో గుంజకు కట్టేయడం పరిష్కారం కాదు. గుండ్రంగా తిరిగే కుక్క గొలుసు చుట్టుకుని ఊపిరాడక చనిపోతుంది. నాలుగు వైపులా కంప కట్టిన చిన్న దొడ్డి మేలు.

మార్పు లేకుండా ఉంచడం అనేది ఈ నేలలో ఒక పెద్ద అడ్డంకిని దాటాలి. ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది, ఆ వాన కూడా పడాల్సినప్పుడు పడదు. శెనక్కాయ పంట పోయిన ఏడు ఇంట్లో ఈడున్నవాళ్లు బెంగళూరు బస్సు ఎక్కుతారు. ఇంట్లో అవ్వ, తాత, కుక్క మిగులుతారు. కుక్కకు తెలిసిన గొంతులు సగం ఒక్కరోజులో మాయమవుతాయి, ముద్ద వేసే చెయ్యి మారుతుంది, సాయంత్రం తిప్పే మనిషి ఉండడు. వాళ్లు పోయిన నెలలోనే కుక్క పాడైపోయిందని చాలా ఇళ్లలో అంటారు, బెంగ పెట్టుకుందంటారు. బెంగ ఉండొచ్చు. కానీ అంతకుముందే మొదలైన జబ్బు, ఆనవాళ్లన్నీ ఒకేసారి పోవడంతో బయటపడటం కూడా జరుగుతుంది. కాబట్టి వలస పోక తప్పదని తెలిసినప్పుడు ముందు నుంచే అవ్వ చేతి ముద్ద కుక్కకు అలవాటు చేయాలి, వేళ మారకుండా చూడాలి. రాత్రి లేచేది ఎవరన్నది కూడా తేల్చుకోవాలి. ఏడు పదులు దాటిన మనిషి రాత్రికి నాలుగుసార్లు లేవలేదు. కుక్క నిద్ర చెడితే ఆమె నిద్రా చెడుతుంది, చీకట్లో కాలు తట్టుకుని పడితే నష్టం ఇంకా పెద్దది. కుక్కను పగలు నిద్రపోనీయకుండా పొద్దున, సాయంత్రం కాస్త నడిపిస్తే రాత్రి పడుకునే అవకాశం పెరుగుతుంది. పక్కింటి కుర్రాడికి ఆ పని అప్పగించి, ఫోన్‌లో డబ్బు పంపే కొడుకు ఆ కుర్రాడికీ నాలుగు రూపాయలు ఇస్తే రెండు ప్రాణాలు నిమ్మళంగా ఉంటాయి.

నడక విషయంలో ఆధారం గట్టిదే, కానీ దాన్ని సరిగా చదవాలి. అమెరికాలో కుక్కల వార్ధక్యంపై నడుస్తున్న పెద్ద పరిశోధన 2022లో 15,019 కుక్కల వివరాలు ప్రచురించింది. ఒకే వయసు, జాతి, ఆరోగ్యం ఉన్న కుక్కలను పోల్చినప్పుడు, చురుగ్గా తిరిగే వాటి కన్నా కదలకుండా ఉండేవాటిలో ఈ జబ్బు ఉండే అవకాశం ఆరు రెట్లకు పైగా తేలింది. కదలకపోవడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చాకే కదలడం మానేసిందా అన్నది ఆ లెక్క తేల్చలేదు. నిజమైన సందేహమే. అయితే 2005లో ప్రచురితమైన రెండేళ్ల బీగిల్ ప్రయోగం ఈ సందేహాన్ని కొంత తీరుస్తుంది. అక్కడ పరిశోధకులే కొన్ని కుక్కలకు తోడు, బయట నడక, ఆట వస్తువులు, నేర్చుకునే పనులు కల్పించారు. కొన్నింటికి విటమిన్లు చేర్చిన తిండి పెట్టారు, కొన్నింటికి రెండూ ఇచ్చారు. రెండూ అందినవి నేర్చుకునే పరీక్షల్లో అన్నిటికన్నా మేలుగా నిలిచాయి. మెదడుకు పని పెడితే మెదడు నిలుస్తుందన్నంత వరకు నమ్మవచ్చు.

మందకుక్క సంగతి ఇక్కడే వస్తుంది. గొర్ల కాపరులు మేతను బట్టి మందను తిప్పుతారు, ఈ వారం ఒకరి చేలో రొప్పం (గొర్ల దొడ్డి), వచ్చే వారం ఇంకొకరి చేలో. మతి తప్పుతున్న కుక్కకు ఇంతకన్నా కష్టమైన జీవితం ఉండదు. రోజూ కొత్త చోటు, రోజూ కొత్త దారి. వెనకబడుతుంది, ఒకనాడు మంద కదిలిపోయాక పాత రొప్పం దగ్గరే కూర్చుని ఉంటుంది. కాపరి దాన్ని వదిలేశాడని అనడం అన్యాయం, వెతకడానికి అతనికి పొద్దు ఉండదు. అందుకే కుక్కకు ఎనిమిదో తొమ్మిదో ఏడు రాగానే, తికమక మొదలవ్వకముందే, ఊరి ఇంటిని దానికి అలవాటు చేయాలంటాను. చెడ్డాక ఇంటికి తెస్తే ఆ ఇల్లు దానికి ఇంకో కొత్త చోటే అవుతుంది. "పని మాన్పిస్తే కుక్క ఇంకా తొందరగా పోతుంది" అని అనుభవమున్న కాపరులు అంటారు. పైన చెప్పిన లెక్కలు వాళ్ల మాటనే బలపరుస్తున్నాయి. కాబట్టి పూర్తిగా మాన్పించవద్దు. మంద పొద్దున ఊరి నుంచి కదిలేటప్పుడు పొలిమేర దాకా వెంట పోయి, ఇంటి మనిషితో తిరిగి వస్తే చాలు. గొర్ల వాసన, తెలిసిన దారి, తెలిసిన ఈల, అన్నీ దొరుకుతాయి. మందలో దాని పనికి పడుచు కుక్కను ఏడాది ముందే తోడు పెట్టుకుంటే గొర్లకూ కాపలా లోటు ఉండదు.

తిండి, మందుల గురించి కొద్దిగా. కొబ్బరి నూనె వేస్తే మతి వస్తుందన్న మాట ఈ మధ్య బాగా తిరుగుతోంది. 2010లో బీగిల్ కుక్కల మీద మంచి ఫలితమిచ్చింది మధ్యస్థ గొలుసు కొవ్వులని పిలిచే ప్రత్యేకమైన నూనె. కొబ్బరి నూనెలో ఎక్కువ భాగం లారిక్ ఆమ్లం, ఆ ప్రయోగపు ఫలితాన్ని దీనికి అంటగట్టలేం. ఎక్కువ నూనె పోస్తే క్లోమం వాచి కుక్క ప్రాణం మీదికి వస్తుంది. సంగటిలో మజ్జిగ, ఉడికించిన గుడ్డు, దొరికితే చేప, ఇంతకన్నా ఖర్చు పెట్టక్కర్లేదు. ఉల్లిపాయ వేసిన కూర మాత్రం వద్దు. మందుల్లో సెలిజిలిన్‌కు అమెరికా ప్రభుత్వం 1998లో కుక్కల మతిమరుపు కోసం అనుమతి ఇచ్చింది. మనుషుల్లో పార్కిన్సన్స్ జబ్బుకు వాడేదీ అదే. కొన్ని కుక్కల్లో బాగా, కొన్నింటిలో అంతంతమాత్రంగా పనిచేస్తుంది, ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది. దీన్ని డాక్టరు రాస్తేనే వాడాలి. ఎందుకంటే గొర్లకు, కుక్కలకు పిడుదులు పోవడానికి కలిపి పోసే అమిట్రాజ్ మందు ఒంటి మీద ఉండగా సెలిజిలిన్ ఇస్తే ప్రమాదం. గొర్ల మందుల సంచిలో ఉండే నొప్పి మాత్రలు, ఇంట్లో మనం వేసుకునే నొప్పి మాత్రలు కుక్కకు వేయడం కూడా ప్రమాదమే. 2022 మేలో మొదలైన సంచార పశువైద్య వాహనాలకు 1962 నంబరులో చెప్పుకోవచ్చు. మరీ అవసరమైతే ప్రొద్దుటూరు, తిరుపతి పశువైద్య కళాశాలలు, బెంగళూరు హెబ్బాళలోని కళాశాల ఉన్నాయి. క్యాలెండర్, వీడియో వెంట తీసుకుపోండి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం చివరిది. తాగడానికి నీళ్లు కరువైన చోట, అప్పులతో రైతు నిద్ర పోని చోట, కుక్క మతి గురించి అధ్యాయం రాయడం తగునా? దీన్ని నేను పక్కకు నెట్టను. కానీ పైన చెప్పిన పనుల ఖరీదు లెక్క వేయండి. రెండు గోనె సంచులు, ఒక చిన్న బల్బు, కంప, మారని వేళ, క్యాలెండర్‌లో ఒక ముక్క. కొత్తగా అడిగిందల్లా చూపు మాత్రమే. పైగా పట్టించుకోకపోవడానికీ ఖర్చుంది. రాత్రంతా మొరిగే కుక్క ఇంటిని నిద్ర పోనీయదు, గుర్రుమనే ముసలి కుక్క పిల్లాడి చెయ్యి కరిస్తే టీకాల కోసం కూలి పోగొట్టుకుని ఆసుపత్రి చుట్టూ తిరగాలి. దూరంగా వదిలేసి రావడం, అక్కడది ఆకలి దాహాలతో చావడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. చట్టం లేకపోయినా, పదేళ్లు మన గొర్లకు కాపలా ఉన్న ప్రాణిని దారి తెలియని చోట దింపడం నేరమే అంటాను. ఊళ్లో మనిషికి దక్కాల్సింది దక్కకపోవడం నిజమైన అన్యాయం, కుక్క నోటి దగ్గరిది లాక్కుంటే ఆ అన్యాయం తీరదు.

డెన్మార్క్‌లో 2013లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఈ జబ్బు వల్ల కుక్క ఆయుష్షు తగ్గినట్టు కనిపించలేదు. అంటే ఇది ఏళ్ల పని, చూసుకునేవాళ్లు అలసిపోతారు. చివరి నిర్ణయం గురించి కూడా ముందే ఆలోచించుకోవాలి. తినడం, నీళ్లు తాగడం, కాసేపైనా ప్రశాంతంగా పడుకోవడం, తెలిసిన గొంతుకు తోక కదపడం, ఈ నాలుగూ ఉన్నంతకాలం దాని బతుకులో సుఖం మిగిలే ఉంది. ఈ నాలుగింటినీ వారం వారం క్యాలెండర్‌లోనే గుర్తు పెట్టండి. చెడ్డ రోజులు మంచి రోజులను మించిపోయి, వారాల తరబడి అలాగే సాగితే, నొప్పిగానీ వేరే జబ్బుగానీ దాగి లేదని డాక్టరు చూశాక, బాధ లేకుండా నిద్రపుచ్చే ఇంజెక్షన్ గురించి ఆయన్నే అడగవచ్చు. అడగడం పాపమని, అడగకపోవడం దయ అని అనుకోనక్కర్లేదు. ఆ పని ఇంటిదగ్గరే, దానికి తెలిసిన మనిషి పక్కన ఉండగా చేయమని కోరండి. డాక్టరు ముందు మత్తు ఇచ్చి, అది పూర్తిగా నిద్రపోయాకే రెండో ఇంజెక్షన్ ఇస్తారు. ఆటోలో ఎక్కించి కళ్యాణదుర్గం ఆసుపత్రి దాకా తీసుకుపోవాల్సి వస్తే దాని పడక గోనెను కూడా వెంట తీసుకుపోండి.